తలలో ఊడ్చేవాళ్ళు

ఫిబ్రవరి 11

పిచ్చుకా,

ఈ కాగితం చేతికందేసరికి నువ్వు చల్లగా ఉండాలని దేవుడికి చెప్పుకుని మొదలుపెడుతున్నాను. ఫోను పక్కనుండగా ఈ రాతలేమిటని విసుక్కోకు. ఫోను మోగితే చాలు, ఇంట్లో ఎవరో దూరారని మీ అన్న మంచాల కింద వెతుకుతున్నారు. మాట్లాడబోతే ఎవరితో గుసగుసలని చెయ్యి పట్టి లాగుతున్నారు. రాసుకుంటూ కూర్చుంటే మాత్రం ఏమీ అనరు.

ఆయన తీరు మారిందని పోయినసారి అంటే, వయసు వదినా అన్నావు. వయసు కాదమ్మా. స్కూలు పెద్ద టీచరమ్మ బిగుతైన కోటు వదులు చేయించుకోవడానికి మన కుట్టు కొట్టుకి వచ్చింది. ఈయన నడుముకి టేపు చుట్టి, "ఏం తింటున్నావమ్మా, నా కొట్లో ఇంత గుడ్డ లేదు" అని పకపకా నవ్వారు. ఆడవాళ్ళ కొలతలు ఏనాడూ పైకి చదవని మనిషి. చీటీ మీద రాసి తిప్పి చూపించేవారు, పక్కవాళ్ళు వినకూడదని. ఆవిడ కోటు తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. పక్క కొట్టు ఇస్త్రీ ముసలాయన భార్య పోయిందని పలకరించడానికి వెళ్తే, అందరూ ఏడుస్తుండగా ఈయన లేచి వంటింట్లోకి వెళ్ళి చక్కెర డబ్బాలో చెంచా పెట్టారు. పాపం ఆ ముసలాయనే, "తిననీ అమ్మా, మా ఆవిడ ఉంటే పాలు కూడా ఇచ్చేది" అన్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

పెద్ద డాక్టరు తల ఫొటోలు తీయించాడు. ముందు భాగం కుంచించుకుపోతోందట. ఇది మతిమరుపు జబ్బు కాదు, మనిషి స్వభావాన్ని తినేసే జబ్బు అన్నాడు. మతిమరుపు లేనిమాట నిజమే. ఎప్పుడో కుట్టిన కోటు కొలతలు అడిగినా ఠక్కున చెబుతున్నారు. మెదడుని కాపాడాల్సిన కణాలే దాన్ని పాడుచేస్తున్నాయని కూడా ఏదో అన్నాడు. నేను హైస్కూలుతో ఆగినదాన్ని, తల ఊపి వచ్చేశాను. నువ్వు చేసే పని అదే కదా. నాకు అర్థమయ్యేలా రాయి.

ఒక్కటి మాత్రం మానలేదు మీ అన్న. నా కళ్ళ సంగతి నీకు తెలుసు. కళ్ళజోడు పెడితే అక్షరాలు ఆనుతాయి గానీ సూది బెజ్జం ఆనదు. గుండీలూ, కాజాలూ, అంచులూ వేళ్ళ గుర్తుతో కుట్టేస్తాను, దారం ఎక్కించడమే నావల్ల కాదు. ఇప్పటికీ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని నా సూదులన్నిటికీ దారం ఎక్కించి సూదుల మెత్తకి గుచ్చి పెడతారు. ఆ కాసేపూ పాత మనిషిలాగే ఉంటారు.

నీ కోసం రోజూ ప్రార్థించే
వదిన


ఫిబ్రవరి 22

వదినా,

ఉత్తరం చూసి ఆఫీసులో అందరూ గుమిగూడారు, పిచ్చుకకి ఎవరో ప్రేమలేఖ రాశారని. మా వదిన అని చెప్పినా నమ్మలేదు. నీ అక్షరాలు అంత ముద్దుగా ఉన్నాయి మరి.

అన్నయ్య సంగతి చదివాక మాత్రం చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చనిపోయినవాళ్ళు ఇచ్చిన మెదళ్ళని ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు వేస్తాను. అప్పుడు డాక్టరు చెప్పిన ఆ కణాలు కనబడతాయి. మైక్రోగ్లియా అంటాం. నువ్వు ఊడ్చేవాళ్ళనుకో. మెదడులో చెత్త ఎత్తేదీ, దొంగలొస్తే తరిమేదీ వాళ్ళే. బాగున్నప్పుడు సన్నటి కొమ్మలు నాలుగు పక్కలా చాపుకుని ఉంటారు. బెదిరితే కొమ్మలన్నీ ముడుచుకుని గుండ్రంగా ఉబ్బి, చెత్తతోపాటు ఉంచాల్సినవి కూడా మింగేస్తారు.

మేమందరం తల బద్దలుకొట్టుకునేది ఇంకో విషయం మీద. అన్ని చోట్లా ఉన్నది వీళ్ళే, కానీ ఒక్కో చోట ఒక్కో తీరు. ఒక వీధిలో ఊడ్చేవాళ్ళు నెమ్మది, ఇంకో వీధిలో చిన్న చప్పుడుకే కర్రలెత్తేవాళ్ళు. వెనక చిన్న మెదడులో తక్కువమందే ఉంటారు, కానీ కాలు నిలవదు. అందుకేనేమో ఒక జబ్బు ఒక చోటే మొదలవుతుంది, పక్క చోటు చాన్నాళ్ళు చెక్కుచెదరదు. ఎందుకలా అంటే పూర్తిగా మాకూ తెలియదు. తెలిస్తే మందు దొరికేది.

అన్నయ్యకి పాడవుతున్నది నుదుటి వెనకాల. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని మనల్ని ఆపేది ఆ చోటే. జ్ఞాపకాలు దాచే చోటు చెవుల దగ్గర లోపలెక్కడో ఉంటుంది. నువ్వు రాసిన దాన్నిబట్టి దానికింకా ఏమీ కాలేదు. ఆ ఒక్క ధైర్యం పెట్టుకో వదినా. అన్నయ్యకి నువ్వూ, పెళ్ళీ, మన ఇల్లూ, నువ్వు నాకు జడలు వేసిన రోజులూ అన్నీ భద్రంగా ఉంటాయి. అవి పోవు.

వేళకి తిను. ఆయన వదిలేసిన మెతుకులు తిని లేవకు, నాకు తెలుసు నీ సంగతి.

మీ పిచ్చుక


మార్చి 9

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఊడ్చేవాళ్ళ మాట బాగా అర్థమైంది. నువ్వు టీచరువి కావాల్సింది.

ఆదివారం నేను ప్రార్థన ముగించి లేస్తుంటే మీ అన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. కోపంగా కూడా లేరు. బేరం చెప్పినట్టు చెప్పారు. "ఈ గొణుగుడు మొదటినుంచీ నాకు పడదు. నిన్ను చేసుకోవడం నాకిష్టం లేదు. అమ్మ ఏడ్చిందని చేసుకున్నా."

నేను నవ్వేసి, కాఫీ తాగుతారా అన్నాను. ఆయన అక్కడితో ఆగలేదు. చూపులకొచ్చిన రోజు నేను కట్టుకున్న నీలం రంగు బట్టలు, మోచేతి దగ్గర చిరుగుకి వేసిన మాటు, మా నాన్న దగ్గు, మీ అమ్మ కూర్చున్న కుర్చీకి విరిగిన కోడు. ఒక్కటి తప్పు చెప్పలేదు. ఆ మాటు సంగతి నాకే గుర్తులేదు. చెప్పాక గుర్తొచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో వద్దన్నారట, ఇంటికెళ్ళాక మీ అమ్మ ఏడ్చిందట.

జబ్బు మాట్లాడిస్తోందిలే అని మొదట అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం తీసి చూశాను. జ్ఞాపకాల చోటు బాగుందని నువ్వే రాశావు. పాడైంది ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని ఆపే చోటు. అంటే ఇన్నాళ్ళూ ఆపుకున్న మాట ఇది. నేను అర్థం చేసుకున్నది సరేనా?

నువ్వప్పుడు చిన్నదానివి, కానీ ఇంట్లోనే ఉన్నావు కదా. ఒక్కటే అడుగుతాను. మీ అమ్మ ఏడ్చిందా?

వదిన


మార్చి 18

వదినా,

ఇవాళ ఒకేసారి రెండు మెదళ్ళు వచ్చాయి. చేతి తొడుగులు మార్చుకునే సందులో రాస్తున్నాను. జవాబు ఆలస్యమైతే నువ్వు నిద్ర మానేస్తావని భయం.

అమ్మ ఏడ్చిన మాట నిజమే. నేను తలుపు పక్కనుంచి చూశాను. నీ దగ్గర అబద్ధమాడలేను. కానీ వదినా, అదంతా ఎప్పటి సంగతి! ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం? ఆయన మాటలు మనసులో పెట్టుకోకు. డాక్టరుని అడిగి నిద్రమాత్ర రాయించు, ఆయనకీ నీకూ.

ఇంకా రాయాలని ఉంది. పిలుస్తున్నారు.

పిచ్చుక


ఏప్రిల్ 4

అమ్మాయీ,

దేవుడి దయవల్ల కులాసా. నిజం చెప్పినందుకు సంతోషం.

మంగళవారం మెత్త పక్కకి జరిపి బల్ల తుడుస్తుంటే మీ అన్న నా మణికట్టు పట్టుకున్నారు. "నా సూదులు ముట్టుకుంటే నీ కళ్ళలో గుచ్చుతా" అన్నారు. వేళ్ళ గుర్తులు ఇంకా పోలేదు. ఇస్త్రీ ముసలాయన నా కేక విని పరిగెత్తుకొచ్చి విడిపించాడు. "అమ్మా, నేను పెట్టె వేడి చూసి బతికేవాణ్ణి. ఇది కాలే వేడి. దూరంగా ఉండు" అన్నాడు.

ఊరి చివర ఇలాంటివాళ్ళని చూసే ఇల్లుంది. శుభ్రంగా ఉంది, కిటికీలకి ఊచలున్నాయి. నిన్న చేర్పించి వచ్చాను. బట్టలూ, టేపూ, ఆయనకి ఇష్టమైన బూడిదరంగు కోటూ సర్దాను. ఎక్కడికని అడగలేదు, వెనక్కి తిరిగీ చూడలేదు.

దెబ్బకి భయపడి పంపానని అనుకోకు. దెబ్బలకేముంది, తగ్గిపోతాయి. ఇష్టం లేని మనిషి గొణుగుడు ఇన్నేళ్ళు పైకి అనకుండా భరించారు. ఇక ఆపుకునే శక్తి కూడా ఆయనకి లేదు. రోజూ నా మొహం చూపించడం ఆయనకి శిక్ష కదా? నావల్ల అయ్యే మేలు ఆయన కళ్ళబడకుండా ఉండటమే అనిపించింది. ప్రార్థన కూడా ఇప్పుడు పెదవి కదపకుండా చేసుకుంటున్నాను. అలవాటైపోయింది, ఇల్లు ఖాళీ అయినా గొంతు రావడం లేదు.

వదిన


ఏప్రిల్ 13

వదినా, వదినా,

నేను రాసింది అది కాదు!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జ్ఞాపకాల చోటు బాగుందంటే ఆయన నోటివెంట వచ్చేదంతా సత్యమని కాదు. మాటు గుర్తుంటుంది, కుర్చీ కోడు గుర్తుంటుంది. ఆ రోజు వద్దనుకున్నది కూడా గుర్తుంటుందేమో. ఆ తర్వాత నీతో గడిపిన రోజులన్నీ కూడా గుర్తుంటాయి. కానీ వాటిలో ఏది బరువైనది, ఏది వట్టి పొట్టు అని తూచేది నుదుటి వెనకాలి చోటు. అది పోయింది. త్రాసు లేని కొట్లో చేతికందింది తీసి నీ మొహాన కొట్టాడు, అంతే. ఆపుకున్న మాట బయటపడిందని నువ్వనుకుంటున్నావు. తూచలేని మాట జారిందని నేనంటున్నాను.

వెళ్ళి చూడు వదినా. నీ మొహం చూస్తే శిక్ష అని ఎవరన్నారు? నువ్వే అనుకున్నావు.

ఇంకో మాట, ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ కుదరదు. నేను ఈ ఉద్యోగంలో చేరిన ఏడాది అన్నయ్య మా దగ్గరికొచ్చి, తన తర్వాత తల మాకివ్వమని సంతకం పెట్టి వెళ్ళాడు. "నా తల కోస్తే గుండీలు రాలతాయి, జాగ్రత్తగా ఏరుకోండి" అని మా పెద్దాయన్ని నవ్వించాడు కూడా. ఆ ఇంటివాళ్ళకి ఈ సంగతి తెలియాలి. పోయిన వెంటనే మాకు కబురు చేస్తే తప్ప పనికిరాదు.

నాకు సెలవు దొరికేది జూన్‌లోనే. అప్పటిదాకా నా మాట విను.

నీ పిచ్చుక


మే 5

అమ్మాయీ,

వెళ్ళి చూడమని ఎందుకంత పట్టుబట్టావో ఉత్తరం చివరిదాకా చదివాక తెలిసింది. మీ వాళ్ళకి ఆయన తల కావాలి. తీసుకోండి, ఆయన ఇచ్చిన మాటకి నేనెప్పుడూ అడ్డం పడలేదు. ఆ ఇంటివాళ్ళకి చెప్పాను. దానికోసం నాకు త్రాసు కథలు చెప్పనక్కర్లేదు.

అయినా నీ మాట తీసెయ్యలేక, పోయిన శుక్రవారం బయలుదేరాను. గేటు దగ్గరే పెద్ద నర్సు ఆపింది. మంచి మనిషే, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. "వారం నుంచీ మీవారితో గొడవగా ఉందమ్మా. దుప్పట్ల అంచులన్నీ పీకేస్తున్నాడు. ఉతకడానికి వేస్తే చిరుగులే. నిన్న దిండు తీస్తే కింద సూదులు. పరుపు పక్కంతా వరసగా గుచ్చి పెట్టాడు. పక్కలు సర్దే పిల్ల వేల్లో సూది దిగింది" అంది. సూదులెక్కడివని అడిగాను. "మీరు పంపిన కోటులోనే. మెడ మడత కింద" అంది.

దర్జీవాళ్ళు కోటు మడత కింద సూదులు గుచ్చుకోవడం నాకు తెలియనిది కాదు. ఆ కోటు నా చేత్తో మడిచాను. నాకు తట్టనేలేదు.

"ఎవరికోసం దాచావయ్యా ఇవన్నీ అని అడిగానమ్మా," అంది నర్సు. చెప్పడానికి తటపటాయించింది. చెప్పమన్నాను. "మా ఆవిడకి, అన్నాడు. మొహంలో ఏమీ లేదు. మా ఆవిడకి, ఇంకా రాలేదేం, అని మళ్ళీ అన్నాడు."

కళ్ళలో గుచ్చుతాననడం మరిచిపోలేదన్నమాట. జ్ఞాపకాల చోటు నిజంగానే బాగుంది.

సూదులన్నీ తీసేసుకుని తాళం వేసే గదికి మార్చారట. మీరు కొన్నాళ్ళు రాకపోవడమే మంచిదమ్మా, మిమ్మల్ని చూస్తే ఏమవుతుందో అంది. సరేనన్నాను. బస్సు కోసం నిలబడితే గదుల వెనకవైపు కనబడింది. ఏ కిటికీ ఆయనదో తెలియదు. అన్నిటికీ దణ్ణం పెట్టి వచ్చేశాను.

వదిన


మే 16

వదినా,

తల కోసం రాశానని నువ్వన్న మాట నాకు తగలాల్సిందే. ఎప్పుడు ఏది రాయాలో తెలియని దాన్ని. కానీ నా సొంత అన్నయ్య కదా.

సూదుల సంగతి చదివి నాకూ భయం వేసింది. జబ్బు ముదిరితే కొందరు అలా మారతారు. నర్సు చెప్పినట్టే చెయ్యి. జూన్ మొదట్లో వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం. నేను ముందు లోపలికి వెళ్తాను, నువ్వు గుమ్మంలో ఉండు.

పిచ్చుక


ఆగస్టు 8

వదినా,

జూన్‌లో నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరమొచ్చిందనీ, నీకు కబురు చేసేలోపే అయిపోయిందనీ నర్సు నాకు చెప్పింది. నీ ఇంట్లో నేనున్నన్ని రోజులూ మనం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నువ్వు తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చున్నావు.

అన్నయ్యది మా దగ్గరికి వచ్చింది. సొంతవాళ్ళది ముట్టనివ్వరు, నాతో పనిచేసే ఆవిడ కోసింది. నన్ను ఆ వారమంతా వేరే గదిలో కూర్చోబెట్టారు. నిన్న గాజు పలకలు చూడనిచ్చారు.

నీకు రాయడానికి కూర్చున్నప్పుడు ఒక అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను. జ్ఞాపకాల చోటు కూడా పూర్తిగా పాడైపోయింది, ఆయన అన్నవన్నీ కల్లలు అని. నువ్వు నమ్మేదానివి. రాయలేకపోయాను.

నుదుటి వెనకాల ఊడ్చేవాళ్ళందరూ ఉబ్బి, ముడుచుకుని, కడుపు నిండా మింగి ఉన్నారు. ఎక్కడ చూసినా ఖాళీలే. చెవుల దగ్గరి జ్ఞాపకాల చోటు మాత్రం చాలావరకు బాగానే ఉంది. వెనక చిన్న మెదడు, మధ్యలో చేతి అలవాట్లు ఉండే ముడులు, అవీ బాగున్నాయి. అక్కడివాళ్ళు ఎప్పటిలాగే ఉన్నారు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ. చిత్రం కదా, ఒకే తలలో. మా పెద్దాయన ఆ పలకల్ని పక్కపక్కన పెట్టి చదువుకునే పిల్లలకి చూపిస్తానన్నాడు.

ఆయనకి నువ్వంటే ఇష్టమా కాదా అన్నది ఏ ముక్కలోనూ కనబడదు వదినా. వెతకలేదని అనుకోకు. వెతికాను.

మార్చిలో నీకు సగమే రాశాను. అమ్మ ఏడవడం చూశాను, ఎందుకో నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు అమ్మ లేదు. ఆ రెండో ముక్క కూడా ఆ రోజే రాసి ఉండాల్సింది.

పిచ్చుక


సెప్టెంబరు 14

పిచ్చుకా,

నీ మీద కోపం లేదు. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి రాస్తున్నాను.

ఆ ఇంటివాళ్ళు ఆయన సామాను ఒక సంచిలో పంపారు. కోటు, టేపు, కళ్ళజోడు, అడుగున ఒక రేకు డబ్బా. డబ్బా మీద "సూదులు, జాగ్రత్త" అని రాసి ఉంది. నేను దాన్ని తెరవలేదు. అల్మారా పైకి తోసేశాను.

నేను కుట్టు మానేసిన సంగతి నీకు చెప్పలేదు. మెత్త మీద ఆయన ఎక్కించి వెళ్ళిన దారాలు ఎప్పుడో అయిపోయాయి. ఇస్త్రీ ముసలాయన్ని అడిగితే, "నాకూ ఆనదమ్మా, మనిద్దరం కలిస్తే ఒక కన్ను" అన్నాడు. దారిన పోయేవాళ్ళని ఎన్నిసార్లు అడుగుతాం? కొట్టు తలుపు సగమే తీసి, వచ్చినవాళ్ళని పంపేస్తున్నాను.

నిన్న స్కూలు పెద్ద టీచరమ్మ వచ్చింది. అదే కోటు. "ఆయన లేరని తెలిసింది. గుండీ ఊడింది, మీరే కుట్టాలి" అని బల్ల మీద పెట్టి కూర్చుంది. పంపెయ్యలేకపోయాను. మెత్త మీద ఉత్త సూదులే. ఆవిణ్ణే దారం ఎక్కించమందామని, మందపాటి గుడ్డకి సరిపోయే పెద్ద సూది కోసం ఆ డబ్బా దించాను. మూత గట్టిగా ఉంది. ఆవిడే తీసింది.

"అన్నీ సిద్ధంగానే ఉన్నాయి కదమ్మా," అంది.

ఒక్క ఉత్త సూది లేదు పిచ్చుకా. అన్నిటికీ దారం ఉంది. నా చెయ్యి చాచినంత పొడవు, ఆయన ఎప్పుడూ కొలిచే పొడవు, చివర నేను లాగితే జారని ముడి. దారం రీలుది కాదు. వంకరలు తిరిగి, నూగు లేచి ఉంది. వేళ్ళతో నిమిరి చూశాను. దుప్పటి అంచు దారం.

టీచరమ్మ ముందరే నర్సుకి ఫోను చేశాను. ఇప్పుడు ఫోను మోగినా, నేను మాట్లాడినా ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. "సూదులకి దారాలున్నాయని నాకెవరూ చెప్పలేదేం?" అన్నాను. "సూదులన్నాం కదమ్మా," అంది ఆవిడ, "దారం సంగతి ఎవరు చూశారు?" తాళం గదిలో కూడా ఆయన పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఉత్త వేళ్ళతో ఏదో ఎక్కిస్తూ ఉండేవాడనీ, మా ఆవిడ ఇంకా రాలేదేం అని అడిగేవాడనీ చెప్పింది. పిచ్చి చేష్టలని పట్టించుకోలేదట. ఆవిణ్ణి ఏమనగలను? నేను కూడా అంతే కదా.

ఇది ఇష్టమా, వట్టి చేతి అలవాటా అని నీ గాజు పలకలు చెప్పలేవు. నిన్ను అడగను. దేవుణ్ణి అడిగాను, ఆయనా ఏమీ చెప్పలేదు. ఇష్టం లేకుండానే ఇన్నేళ్ళూ తన కళ్ళు నాకిచ్చి ఉంటే, అది నేను అడిగిన దానికన్నా పెద్దదేమో. నాకు తెలియదు. ఆయన నాకోసం ఎదురుచూస్తుంటే నేను బస్సు కోసం నిలబడి కిటికీలకి దణ్ణం పెట్టి వచ్చేశాను. తెలిసింది అంతే.

టీచరమ్మ గుండీ ఆ సూదితోనే కుట్టాను. దారం పాతది, రెండు చోట్ల తెగబోయింది, నిలిచింది.

ఇవాళ కొట్టు తలుపు పూర్తిగా తీశాను. డబ్బాలో ఇంకా కొన్ని ఉన్నాయి. నెమ్మదిగా, పొదుపుగా కుడుతున్నాను. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని పైకే ప్రార్థన చేసుకుంటున్నాను.

వీలైతే ఒకసారి రా. నీ కళ్ళు ఇంకా బాగున్నాయి కదా.

వదిన